ఇవాళ ఎన్నో రోజు?



ఇవాళ తేదీ ఎంత అని అడిగితే ఎవరైనా చెప్తారు. ఇవాళ ఎన్నో రోజు అని అడిగి చూడండి. కాస్త ఆగి, "ఎప్పట్నుంచి?" అంటారు. అడగాల్సిన ప్రశ్న అదే. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలు చాలామంది ఆ ప్రశ్న అడక్కుండానే కోడ్ మొదలుపెడతారు. తిప్పలు అక్కణ్ణుంచే మొదలవుతాయి.

అసలు ఈ లెక్క ఎందుకంటారా? 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. మధ్యలో ఎన్ని రోజులు? కాగితం మీద వేయాలంటే ముందు ఏళ్లు లెక్కపెట్టాలి. అందులో లీపు సంవత్సరాలు ఏరాలి. మిగిలిన నెలల్లో ముప్ఫై రోజులవి ఏవో, ముప్ఫై ఒకటివి ఏవో పిడికిలి కణుపుల మీద చూసుకోవాలి. ఇంతా చేశాక మొదటి రోజును కలపాలా వద్దా అని ఓ తికమక. అదే ప్రతి రోజుకూ ఒక వరస సంఖ్య ఉందనుకోండి, రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల మాదిరిగా. దారిలో ఏయే ఊళ్లు వచ్చాయో మనకెందుకు? ఒక రాయి మీది అంకెలోంచి ఇంకో రాయి మీది అంకె తీసేస్తే దూరం వచ్చేస్తుంది. కంప్యూటర్లు ఎక్కువగా వాడే లెక్కలో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది మైనస్ 4809వ రోజున. తెలంగాణ ఏర్పడింది 16223వ రోజున. తేడా 21032 రోజులు. ఒక్క తీసివేతతో పని అయిపోయింది.

బ్యాంకులో డిపాజిట్ మీద వడ్డీ కట్టేటప్పుడూ, బీమా గడువు చూసేటప్పుడూ, మందుల సీసా మీద కాలం తీరిందో లేదో చూసేటప్పుడూ తెర వెనక జరిగేది ఈ తీసివేతే. మనకు కనబడే తేదీ పైపూత. లోపల ఉన్నది సంఖ్య.

మైనస్ ఎందుకొచ్చిందో చెప్పాలి. 1970 జనవరి 1ని సున్నా అనుకుని ముందుకీ వెనక్కీ లెక్కపెట్టారు కాబట్టి. ఆ రోజుకు ఆకాశంలో విశేషమేమీ లేదు. గ్రహకూటమి లేదు, గ్రహణం లేదు. మామూలు గురువారం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేస్తున్న కాలం అది. వాళ్లు మొదట్లో సెకనును అరవై ముక్కలు చేసి, ఆ ముక్కలను 1971 జనవరి 1 నుంచి లెక్కపెట్టారు. వాళ్ల దగ్గరున్న సంఖ్య గది 32 బిట్లది. సెకనుకు అరవై చొప్పున పోస్తే అది రెండేళ్ల మూడు నెలలకే నిండిపోతుంది. తర్వాత తేరుకుని, ముక్కలు మానేసి నిండు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మొదలు 1970కి జరిపారు. మీ జేబులోని ఫోను ఈ క్షణాన కూడా ఆ లెక్కనే నడుపుతోంది.

సెకన్లు తెలిస్తే రోజులు తెలిసినట్టే. రోజుకు 86400 సెకన్లు. ఇప్పటిదాకా గడిచిన సెకన్లను 86400తో భాగించి శేషం వదిలేస్తే ఎన్నో రోజో వస్తుంది. ఇక్కడొక తిరకాసుంది. భూమి తిరగడంలో నిలకడ లేదు కాబట్టి, ప్రపంచ గడియారాలకు అప్పుడప్పుడూ ఒక సెకను అదనంగా చేరుస్తారు. 1972 నుంచి 2016 దాకా అలా 27 సెకన్లు చేర్చారు. యూనిక్స్ లెక్క వాటిని అసలు గుర్తించదు. ప్రతి రోజుకూ సరిగ్గా 86400 అని భీష్మించుకుని కూర్చుంటుంది. శాస్త్రజ్ఞులకు ఇది కొంచెం చికాకే. కానీ ఆ మొండితనం వల్లనే మన భాగహారం నిక్కచ్చిగా పనిచేస్తోంది.

నేరుగా రోజులనే దాచుకునే చోట్లు కూడా ఉన్నాయి. లైనక్స్ కంప్యూటర్లలో షాడో అనే ఫైలు ఒకటుంటుంది. వాడుకదారు పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చాడో అందులో రాసి ఉంటుంది. తేదీగా కాదు, 1970 నుంచి ఎన్నో రోజో ఆ సంఖ్యగా. అక్కడ సున్నా పెడితే, ఈసారి లోపలికి వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ మార్చి తీరాలని అర్థం. కంప్యూటర్ కాపలాదారుకు తెలియాల్సింది అది ఏ నెలో, ఏ వారమో కాదు, ఎంత పాతదో. అందుకు ఒక్క అంకె చాలు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునేటప్పుడు కాలాన్ని ఎలా చెప్తామో గుర్తు తెచ్చుకోండి. మన్వంతరం, యుగం, యుగంలో పాదం, ఆ తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అన్నీ పేర్లే. వినడానికి ఎంత బాగుంటుందో, లెక్క కట్టడానికి అంత ఇబ్బంది. కొన్ని తిథులు సూర్యోదయానికి దొరక్కుండానే జారిపోతాయి. కొన్ని రెండు సూర్యోదయాలు చూస్తాయి. సుమారు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి కూర్చుంటుంది. ఉగాది నుంచి విజయదశమికి ఎన్ని రోజులో ఆ పేర్లు చూసి ఎవరూ చెప్పలేరు.

మరి గ్రహాల స్థానాలు కట్టేవాడికి పేర్లతో పని జరగదు. గురుడు రోజుకింత కదులుతాడు. ఎన్ని రోజులైంది? గుణించు. అంతే లెక్క. కాబట్టి మన సిద్ధాంతులు పేర్లన్నిటినీ పక్కనపెట్టి, కలియుగం మొదలైన నాటినుంచి గడిచిన రోజులను ఒకే సంఖ్యగా రాబట్టారు. అదే అహర్గణం. కలియుగారంభం క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం అని వాళ్ల లెక్క.

ఆ రాబట్టడం ఎలాగో ఒకసారి చేసి చూద్దాం. సంఖ్యలు రాసుకోనక్కరలేదు, నడక గమనించండి చాలు. 2023 మార్చి 22న శోభకృత్ నామ సంవత్సర ఉగాది జరుపుకున్నాం. ఆ రోజుకు కలియుగంలో 5124 ఏళ్లు గడిచాయి. పన్నెండుతో గుణిస్తే 61488 సౌరమాసాలు. వీటికి అధికమాసాలు చేర్చాలి. ఎన్ని? ఆర్యభటుడి ప్రకారం 43 లక్షల 20 వేల ఏళ్ల మహాయుగంలో అధికమాసాలు 15 లక్షల 93 వేల 336. ఆ నిష్పత్తిన మనకు 1889 వస్తాయి. పైన ఒక భిన్నం మిగులుతుంది, నూటికి 87 పాళ్లు. దాన్ని ప్రస్తుతానికి పక్కన ఉంచండి. మొత్తం చాంద్రమాసాలు 63377. నెలకు ముప్ఫై తిథులు కాబట్టి 19 లక్షల 1 వెయ్యి 310 తిథులు. తిథి రోజుకన్నా కాస్త చిన్నది. కాబట్టి ఇందులోంచి జారిపోయిన తిథులు తీసేయాలి. మహాయుగంలో అవి 2 కోట్ల 50 లక్షల 82 వేల 580. మన వంతుకు 29750. తీసేయండి. మిగిలింది 18 లక్షల 71 వేల 560. అదీ ఆ ఉగాది నాటి అహర్గణం.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి కూడా పద్ధతి పెట్టారు. ఏడుతో భాగించి శేషం చూడాలి. శేషం 5. సున్నా శుక్రవారం కదా, అక్కణ్ణుంచి అయిదు రోజులు ముందుకు వేస్తే బుధవారం. ఆ ఉగాది బుధవారమే. ఒకవేళ వారం ఒకటి అటూ ఇటూ వస్తే అహర్గణానికి ఒకటి కలపాలి, లేదా తీసేయాలి. సగటు లెక్కల్లో అంతమాత్రం తేడా రావచ్చని వాళ్లకు తెలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్ రాసి, దాన్ని పరీక్షించడానికి ఇంకో చిన్న కోడ్ రాస్తారు. వారంతో సరిచూసుకోవడం సరిగ్గా అలాంటి పరీక్షే.

పక్కన పెట్టిన 87 పాళ్ల సంగతి. తర్వాతి అధికమాసానికి ఇంకో 13 పాళ్లు నిండాలి. నెలకు మూడు పాళ్ల చొప్పున అది నాలుగు నెలలు దాటాక నిండుతుంది. అంటే అయిదో నెలలో. చైత్రం నుంచి అయిదోది శ్రావణం. 2023లో అధిక శ్రావణం వచ్చిన సంగతి పెళ్లి ముహూర్తాలు చూసుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రతిసారీ ఇంత ముచ్చటగా కుదరదు. ఇది సగటు లెక్క, నేటి పంచాంగకర్తలు సూర్యచంద్రుల అసలు గతులు తీసుకుంటారు. అయినా కుదిరినప్పుడు సంతోషించడంలో తప్పులేదు.

ఇప్పుడు కంప్యూటర్‌ను అడుగుదాం. 2023 మార్చి 22 అంటే 1970 నుంచి 19438వ రోజు. 1970 జనవరి 1 నాటికి కలి అహర్గణం 1852122. రెండూ కూడితే 1871560. ఒక్క రోజు తేడా లేదు. క్రీస్తుశకం 499 నాటికి ఇరవై మూడేళ్ల వయసున్న ఒక పండితుడు ఇచ్చిన నిష్పత్తులతో ఒకవైపు నుంచి వచ్చాం. అణు గడియారాలకు కట్టుకున్న యంత్రంతో ఇంకోవైపు నుంచి వచ్చాం. కలుసుకున్నది ఒకే సంఖ్య దగ్గర. దీన్ని పట్టుకుని కంప్యూటర్‌ను మన పూర్వులే కనిపెట్టారని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నన్ను బాధ్యుణ్ణి చేయకండి. రోజులను లెక్కపెట్టాల్సిన పని పడ్డ ప్రతివాడూ, ఏ దేశంవాడైనా, ఈ దారికే వస్తాడు. నేను చెప్పదలుచుకున్నది అంతే.

ఈ సంఖ్య కవిత్వంలోకి కూడా వచ్చింది. కేరళలో మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి అనే కవి తన నారాయణీయం పూర్తిచేసిన రోజును తేదీగా చెప్పలేదు. కావ్యంలోని చివరి మాటలో ఉన్న అక్షరాలను కటపయాది పద్ధతిలో అంకెలుగా మారిస్తే 1712210 వస్తుంది. అది కలి అహర్గణం. 1586వ సంవత్సరం చివర్లో పడుతుంది. యూనిక్స్ లెక్కలో మైనస్ 139912వ రోజు.

శాసనాలు చదివేవాళ్లకూ ఈ రోజుల సంఖ్యే ఆధారం. రాతి మీద శకవర్షం, మాసం, తిథి, వారం ఉంటాయి. వాటిని రోజుల సంఖ్యగా మార్చి, చెక్కిన వారం లెక్కలో వచ్చిన వారంతో కలుస్తోందా అని చూస్తారు. కలవకపోతే శాసనం చెక్కినవాడు పొరబడ్డాడా, చదివినవాడు పొరబడ్డాడా అని అనుమానించాలి. 1922లో మద్రాసులో ఎల్.డి. స్వామికన్ను పిళ్లై అచ్చువేయించిన ఇండియన్ ఎఫిమెరిస్ సంపుటాలు ఈ పనికే. కంప్యూటర్లు రాకముందు దక్షిణ భారత శాసనాల తేదీలు తేల్చినవాళ్లు ఆ బరువైన పుస్తకాల మీదే ఆధారపడ్డారు.

సరే, సంఖ్య వచ్చింది. తగువు అక్కడితో తీరలేదు. రోజు అనేది ఎప్పుడు మొదలవుతుంది? ఆర్యభటుడి పేరుతోనే రెండు పద్ధతులున్నాయి. ఒకటి సూర్యోదయం నుంచి రోజును లెక్కపెడుతుంది, రెండోది అర్ధరాత్రి నుంచి. ఐరోపా ఖగోళవేత్తలు మిట్టమధ్యాహ్నం నుంచి లెక్కపెట్టారు. రాత్రంతా మేలుకుని నక్షత్రాలు చూసేవాడికి పని మధ్యలో తేదీ మారితే ఇబ్బంది, అందుకు. కంప్యూటర్ మాటేమిటి? అది గ్రీనిచ్ దగ్గరి అర్ధరాత్రిని, అంటే యూటీసీ అనే ప్రపంచ సమయాన్ని పట్టుకుంటుంది. అప్పుడు మనకు తెల్లవారుజాము అయిదున్నర.

కొత్త ప్రోగ్రామర్లు బోర్లాపడే చోటు సరిగ్గా ఇదే. సెకన్లను 86400తో భాగించారు. పగలంతా సరైన జవాబు వచ్చింది. ఆఫీసులో పరీక్షించిన ప్రతిసారీ సరిగ్గానే ఉంది. హైదరాబాద్‌లో రాత్రి పన్నెండు దాటాక అయిదున్నర దాకా మాత్రం అది నిన్నటి సంఖ్యే చెప్తుంది. రాత్రి షిఫ్టులో హాజరు వేసుకున్నవాడు నిన్నటి ఖాతాలో పడతాడు. ఆ వేళ పరీక్షించేవాడు ఎవరూ ఉండరు కాబట్టి ఇలాంటి బగ్గులు నెలల తరబడి దాక్కుంటాయి. విరుగుడు చిన్నదే. భాగించే ముందు అయిదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు కలపాలి. ఇంతకన్నా మంచి మాట, ఆ పని మీరు చేయకుండా భాషలో ఉన్న తేదీ లైబ్రరీకి ఏషియా కోల్‌కతా అనే టైమ్ జోన్ పేరు చెప్పి ఇవాళ్టి తేదీ అడగండి. తర్వాత దాన్ని సంఖ్యగా మార్చమనండి. నాకు ముచ్చటేసే సంగతి ఇంకొకటుంది. యంత్రం రోజు మారేది అయిదున్నరకి. వేసవిలో విశాఖపట్నంలో సూర్యుడు లేచేదీ ఇంచుమించు ఆ వేళకే. తెలియకుండానే యూనిక్స్ మన సూర్యోదయ పద్ధతి పాటిస్తోందన్నమాట, కనీసం మే, జూన్ నెలల్లో.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు వస్తే, లోకంలో ఎన్ని సున్నాలున్నాయో చెప్పలేం. 1583లో జోసెఫ్ స్కాలిజర్ అనే పండితుడు 28, 19, 15 ఏళ్ల మూడు చక్రాలను గుణించి 7980 ఏళ్ల కాలం ఒకటి కట్టాడు. అది క్రీస్తుపూర్వం 4713 జనవరి 1న మొదలవుతుంది. ఖగోళవేత్తలు నేటికీ వాడే జూలియన్ దినసంఖ్యకు మూలం అదే. ఆ లెక్కలో మన శోభకృత్ ఉగాది 2460026. చరిత్రకు తెలిసిన సంఘటనలన్నీ సున్నాకు ఇవతలే పడతాయి కాబట్టి మైనస్ బెడద ఉండదు. కానీ సంఖ్య లావు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపినప్పుడు, దాని కక్ష్యను అమెరికాలో స్మిత్‌సోనియన్ ఖగోళశాల వాళ్లు ఐబీఎం 704 యంత్రం మీద కట్టారు. ఆ లావు సంఖ్య యంత్రంలో తక్కువ చోటులో పట్టేలా, అందులోంచి 24 లక్షల రోజులు తీసేశారు. ఇంకో అరరోజు కూడా తీసేసి మధ్యాహ్నాన్ని అర్ధరాత్రికి జరిపారు. దాంతో సున్నా 1858 నవంబరు 17కు వచ్చింది.

మన కరణగ్రంథాలు, అంటే గ్రహగణితానికి చేతిపుస్తకాలు, రాసినవాళ్లు చేసిందీ ఇదే. కలియుగాది నుంచి రోజూ లక్షలు గుణించలేక, తమ కాలానికి దగ్గర్లో ఒక రోజును మొదలుగా పెట్టుకున్నారు. బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకానికి 665ను తీసుకున్నాడు. 1520లో గణేశ దైవజ్ఞుడు గ్రహలాఘవంలో ఇంకో అడుగు వేసి, పదకొండేళ్లకు, అంటే 4016 రోజులకు, ఒక చక్రం పెట్టాడు. చక్రం నిండగానే చేతిలోని దినసంఖ్య మళ్లీ సున్నా నుంచి మొదలు. చిన్న సంఖ్యలతో పని తేలిక. చేత్తో గుణించేవాడి కష్టం తెలిసినవాడు చేసిన ఏర్పాటు అది.

ఎక్సెల్ సంగతి అందరికీ పనికొచ్చేది. ఏదైనా గడిలో టుడే ఫంక్షన్ వేసి, గడి రూపాన్ని తేదీ నుంచి మామూలు అంకెకు మార్చండి. నలభై వేల పైచిలుకు సంఖ్య ఒకటి కనబడుతుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకున్న వరస అది. శోభకృత్ ఉగాది అందులో 45007. ఆ వరసలో ఒక దొంగ రోజుంది. నూరుతో తెగే సంవత్సరం నాలుగు వందలతో కూడా తెగితే తప్ప లీపు కాదు. కాబట్టి 1900కి ఫిబ్రవరి 29 లేదు. అయినా ఎక్సెల్‌లో ఉంది, 60వ రోజుగా. అంతకుముందు ప్రచారంలో ఉన్న లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాములో ఆ తప్పు ఉండేది. లోటస్ ఫైళ్లు తెరిస్తే తేదీలు మారిపోకూడదని మైక్రోసాఫ్ట్ వాళ్లు తెలిసే ఆ తప్పును తెచ్చుకున్నారు. లక్షల ఫైళ్లలోకి పాకిపోయాక ఇక దిద్దలేరు. 1900కి ముందు పుట్టినవాళ్లకైతే అక్కడ చోటే లేదు. 1848 ఏప్రిల్ 16న పుట్టిన కందుకూరి వీరేశలింగం గారి జన్మదినం ఎక్సెల్‌కు ఉత్త అక్షరాలు, తేదీ కాదు.

సంఖ్యకు ఇచ్చిన గది చిన్నదైతే ఏమవుతుందో 1989 సెప్టెంబరు 19న అమెరికాలో కొన్ని ఆసుపత్రులు చూశాయి. వాళ్ల కంప్యూటర్ వ్యవస్థ 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతూ వచ్చింది. ఆ సంఖ్యను 16 బిట్ల గదిలో దాచింది. అందులో పట్టేది 32767 దాకా. ఆ రోజు 32768వది. వ్యవస్థ చేతులెత్తేసింది.

తేదీని సంఖ్యగా మార్చే సూత్రం కూడా చెప్పి తీరాలి. ఎందుకంటే అది అందమైనది. చిక్కంతా ఫిబ్రవరితో. ఏడాది మధ్యలో నిలబడి, ఒకసారి 28, ఒకసారి 29 అంటుంది. కాబట్టి ఏడాదిని మార్చితో మొదలుపెట్టండి. జనవరి, ఫిబ్రవరి అంతకుముందు ఏటివి. అప్పుడు లీపు రోజు ఏడాదికి ఆఖరి రోజవుతుంది, ముందున్న నెలలను కదిలించదు. ఇప్పుడు నెలలు చూడండి. మార్చి నుంచి 31, 30, 31, 30, 31. మొత్తం 153. ఆగస్టు నుంచి మళ్లీ అదే వరస, 31, 30, 31, 30, 31. మళ్లీ 153. జనవరి నుంచి మళ్లీ మొదలు. కాబట్టి నెలల పట్టిక అక్కరలేదు. మార్చిని సున్నా అనుకుని, నెల సంఖ్యను 153తో గుణించి, 2 కలిపి, 5తో భాగించి, శేషం వదిలేయండి. ఆ నెలకు ముందు గడిచిన రోజులు వస్తాయి.

1947 ఆగస్టు 15 వేద్దాం. మార్చి నుంచి ఆగస్టు 5వ నెల. 5 ఇంటూ 153, 765. రెండు కలిపితే 767. అయిదుతో భాగిస్తే 153. ఆగస్టులో గడిచినవి 14. మొత్తం 167. ఏళ్లకు 1947 ఇంటూ 365, దానికి నాలుగేళ్లకొకటి చొప్పున 486 కలిపి, నూరేళ్లకొకటి చొప్పున 19 తీసి, నాలుగు వందల ఏళ్లకొకటి చొప్పున 4 మళ్లీ కలిపితే 711126. అన్నీ కూడితే 711293. 1970 జనవరి 1కి ఇదే సూత్రం వేస్తే 719468. తీసేస్తే మైనస్ 8175. కలి అహర్గణంగా 1843947. ఏడుతో భాగిస్తే శేషం సున్నా. సున్నా అంటే శుక్రవారం. స్వాతంత్ర్యం వచ్చింది శుక్రవారమే.

మైనస్ సంఖ్యల దగ్గర ఒక హెచ్చరిక. 1969 డిసెంబరు 31 రాత్రి చివరి సెకను మైనస్ ఒకటి. దాన్ని 86400తో భాగించి శేషం వదిలేయమంటే సీ లాంటి భాషలు సున్నా అంటాయి. రావాల్సింది మైనస్ ఒకటి. 1970కి ముందు పుట్టిన పెద్దవాళ్ల వయసుల్లో ఒక రోజు తేడా వస్తే అనుమానించాల్సిన మొదటి చోటు ఇది.

అమెరికా కంపెనీలకు ఇక్కణ్ణుంచి పనిచేసే మన కుర్రాళ్లకు ఇంకో గండం. మన దేశంలో గడియారాలను వేసవికి ముందుకు తిప్పే అలవాటు లేదు కాబట్టి రోజంటే 24 గంటలనే మనసులో పాతుకుపోయి ఉంటుంది. న్యూయార్క్‌లో 2024 మార్చి 10వ తేదీకి 23 గంటలే. ఆ అర్ధరాత్రి నుంచి తర్వాతి అర్ధరాత్రికి సెకన్లు తీసేసి, 86400తో భాగించి, శేషం వదిలేస్తే వచ్చేది సున్నా రోజులు. అద్దె కట్టలేదు, వడ్డీ పడలేదు, ఫోను మాత్రం మోగుతుంది. నవంబరులో 25 గంటల రోజొకటి వస్తుంది, అది వేరే తలనొప్పి. సెకన్ల తీసివేత సెకన్లకే ఉంచండి. రోజుల తేడా కావాలంటే ముందు తేదీలుగా మార్చి, తేదీలను సంఖ్యలు చేసి, అప్పుడు తీసేయండి. జావా, పైథాన్ లాంటి భాషల్లో దీనికి ఒక్క వరస కోడ్ చాలు. సున్నా మాత్రం వాటిలో కూడా ఒకటి కాదు. జావా 1970 నుంచి లెక్కపెడితే, పైథాన్ క్రీస్తుశకం 1వ సంవత్సరం జనవరి 1ని ఒకటిగా తీసుకుంటుంది. ఒకదాని సంఖ్యను ఇంకోదానికి ఇస్తే ఏడు లక్షల రోజుల తేడా.

2038 గురించి వినే ఉంటారు. ఆ ఏడాది జనవరి 19, మంగళవారం, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు 32 బిట్ల సెకన్ల గది నిండిపోతుంది. రోజుల లెక్క వాడేవాళ్లకు ఆ భయం లేదు. ఆ రోజు వాళ్లకు 24855 మాత్రమే. అదే 32 బిట్ల గదిలో రోజులు దాచుకుంటే 58 లక్షల ఏళ్లు పడుతుంది నిండడానికి.

ఎన్ని లైబ్రరీలున్నా తేల్చలేని కేసు ఒకటుంది. పసిఫిక్ సముద్రంలో సమోవా అనే దీవుల దేశం 2011లో తేదీ రేఖకు అటుపక్క నుంచి ఇటుపక్కకు మారింది. అక్కడ డిసెంబరు 29 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు 31 శనివారం లేచారు. ఆ ఏడాది వాళ్లకు డిసెంబరు 30 లేదు, ఆ శుక్రవారమూ లేదు. 31లోంచి 29 తీసేస్తే 2 వస్తుంది. మధ్యలో గడిచింది మాత్రం ఒక్క రాత్రి. ఆ రాత్రి హోటల్లో దిగినవాడికి ఒక రోజు అద్దె వేయాలా, రెండు రోజులదా? సూత్రం దీనికి జవాబు చెప్పదు. బిల్లు ప్రోగ్రాము రాసేవాడు హోటల్ యజమానిని అడిగి తెలుసుకోవాల్సిందే.